పేపర్ మిల్లు మా బడికి మంచినీళ్ల ప్లాంటు పెట్టింది, మా నాన్నకు కర్ర డబ్బులు మాత్రం రాలేదు. ఎవరిని అడగాలి?

మునేటిగట్టు
మాది నందిగామ దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల్లో కాగితం మిల్లుకు అమ్మే సుబాబుల్ చెట్లు వేశాం, పోయిన కార్తీకంలో కొట్టించాం. 71 టన్నులు తూగింది. కర్ర తోలుకుపోయింది ఏజెంటు. చేతిలో కొంత పెట్టి, మిగతాది నెల తిరక్కుండా ఇస్తానన్నాడు. ఎనిమిది నెలలైంది. ఎప్పుడు ఫోన్ చేసినా "మిల్లు నుంచి ఇంకా పడలేదు" అనే అంటాడు.

మొన్న మా ఊరి హైస్కూల్లో ఆర్వో ప్లాంటు ప్రారంభించారు. నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలతో "సామాజిక బాధ్యత నిధులతో" అని రాసి, కింద మిల్లు పేరు వేశారు. మా కర్ర వెళ్లింది ఆ మిల్లుకే. నాన్న కూడా వెళ్లాడు. వాళ్లు పెట్టిన లడ్డూ, కొబ్బరి ముక్క కాగితంలో చుట్టుకొచ్చి చెల్లి చేతిలో పెట్టాడు. బోర్డు మీద ఎవరి పేరుందో చెప్పాడు. ఇంకేం మాట్లాడకుండా పొలం వెళ్లిపోయాడు.

నాకు రెండు సందేహాలు. బడికి ఖర్చు పెట్టిన డబ్బుకూ రైతుకు ఇవ్వాల్సిన డబ్బుకూ ఏమైనా సంబంధం ఉందా? లేదంటే మా బాకీ సంగతి ఎవరిని, ఏ కాగితం పట్టుకుని అడగాలి?

కర్రరైతు_కందుకూరు
తమ్ముడూ, మీ ఏజెంటూ మా ఏజెంటూ కవలపిల్లల్లా ఉన్నారు. అదే మాట, అదే గొంతు. ముందు ఒకటి చెప్పు. తూకం స్లిప్పు నీ దగ్గరుందా, ఏజెంటు దగ్గరే ఉందా?

మునేటిగట్టు
ఏజెంటు చూపించాడు. నాన్న టన్నులు డైరీలో రాసుకున్నాడు. స్లిప్పు మా చేతికి ఇవ్వలేదు అన్నా.

కర్రరైతు_కందుకూరు
అక్కడే దెబ్బ తిన్నారు. స్లిప్పు మీద లారీ నంబరు, తేదీ, టైము, లారీ బరువు, కర్ర బరువు అన్నీ ఉంటాయి. అదొక్కటి చేతిలో ఉంటే కర్ర ఏ రోజు ఏ గేటు దాటిందో ఎవరూ కాదనలేరు.

ఇంకో సంగతి. కర్ర కొట్టగానే తూగితే ఒక లెక్క, వారం ఎండలో పడి ఉన్నాక తూగితే ఇంకో లెక్క. పచ్చి కర్రలో సగానికి సగం నీళ్లే. ఒకసారి మా లోడు మిల్లు గేటు బయట నాలుగు రోజులు లైన్లో నిలబడింది. ఏప్రిల్ ఎండ. మొదటి రోజు కర్ర కొసలు తడిగా, ముట్టుకుంటే చేతికి జిగురు అంటేది. నాలుగో రోజుకు అదే కొసలు నెర్రెలిచ్చి తెల్లబడిపోయాయి. పొలం దగ్గర కాటాకూ మిల్లు కాటాకూ టన్నున్నర తేడా వచ్చింది. ఆ టన్నున్నర రైతు నెత్తినే పడుతుంది. లారీ వెయిటింగు చార్జీ కూడా. బడికి ప్లాంటు పెట్టారంటే సంతోషమే, ఆ గేటు దగ్గర లైను తగ్గిస్తే ఇంకా సంతోషం.

లెడ్జర్‌బుక్
నేను హైదరాబాద్‌లో కంపెనీ సెక్రటరీగా పనిచేస్తాను, పేపర్ రంగం కాదు. చట్టం ఏం చెబుతుందో అంతవరకు చెప్తాను.

2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే మీ బోర్డు మీద రాసిన సామాజిక బాధ్యతకు, పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

మీ నాన్నగారి డబ్బు దీని కిందికి రానే రాదు. అది బాకీ, అమ్మిన సరుకు ధర. మామూలు వ్యాపారంలో భాగంగా చేసేది ఏదీ సీఎస్‌ఆర్ కాదని రూల్సే చెబుతున్నాయి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: చట్టం దృష్టిలో ఈ రెండు డబ్బులకూ సంబంధం లేదు.

వెదురుబుట్ట
చట్టం దృష్టిలో లేకపోవచ్చు. బోర్డు చదివిన మనిషి దృష్టిలో ఉంది. ఆయన లడ్డూ చుట్టుకొచ్చిన కాగితం కూడా ఎవరో ఒకరి కర్రతో చేసిందే కదా.

నాలుగోతరగతి_టీచర్
నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, ఏమనుకోకండి. మా బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు వచ్చింది ఇలాంటి నిధులతోనే. అంతకుముందు పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు, లేవాల్సి వస్తుందని. ఎవరి బోర్డు ఉంటే నాకేం. ఆ దొడ్లు వచ్చాక హాజరు ఎలా మారిందో నా రిజిస్టరే చెబుతుంది. కాబట్టి బడికి పెట్టే ఖర్చును తక్కువ చేసి మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

అయితే మునేటిగట్టు గారూ, ఆ ప్లాంటు గురించి ఇప్పుడే ఒకటి అడగండి. ఫిల్టర్లు, మెంబ్రేను మార్చేది ఎవరు? మా మండలంలో ఒక బడిలో ప్లాంటు ఏడాదిన్నరకే మూలపడింది. ఇప్పుడు దాని మీద పిల్లలు బ్యాగులు పెట్టుకుంటున్నారు.

లెడ్జర్‌బుక్
టీచర్ గారు మంచి పాయింటు పట్టుకున్నారు. కొనసాగే ప్రాజెక్టుగా తీసుకుంటే, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా దాని మీద ఖర్చు పెట్టొచ్చు. ఖర్చు కాని డబ్బును, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోగా విడి ఖాతాలో వేయాలి. 2021 నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. మెయింటెనెన్సుకు డబ్బు లేదనే మాట అంత సులువుగా ఒప్పుకోవద్దు. హెడ్మాస్టరు చేత రాతపూర్వకంగా అడిగించండి.

ఎంత పెట్టారు, ఎక్కడ పెట్టారు అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లోనూ వార్షిక నివేదిక అనుబంధంలోనూ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సీఎస్‌ఆర్ పోర్టల్‌లో కంపెనీవారీగా, రాష్ట్రంవారీగా చూసుకోవచ్చు.

మిల్లుగేటు
ఇరవై రెండేళ్లు ఒక మిల్లులో కర్ర కొనుగోలు విభాగంలో చేసి రిటైరయ్యాను. ఏ మిల్లో చెప్పను. రెండు వైపులా చూశాను కాబట్టి రాస్తున్నా.

ఒక టన్ను కాగితపు గుజ్జుకు పచ్చి కర్ర నాలుగు టన్నుల దాకా పడుతుంది. బట్టీ పగలూ రాత్రీ ఆగదు. ఒక రైతు దగ్గర మూడెకరాలు, ఇంకొకరి దగ్గర ఎకరంన్నర. ఎవరు కొట్టించాలి, కూలీల ముఠాను ఎవరు తేవాలి, లారీ ఎవరు మాట్లాడాలి? అందుకే ఏజెంట్లు వచ్చారు. మేం ఏజెంటుకు చెక్కు ఇచ్చేవాళ్లం, మా రికార్డులో బాకీ సున్నా. ఆ తర్వాత రైతుకు చేరిందా లేదా అన్నది మా ఫైల్లో ఉండదు. నా టేబుల్ ముందుకు రైతులు వచ్చి నిలబడేవాళ్లు. "మీ ఏజెంటును అడగండి" అని నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

మునేటిగట్టు బాబూ, మిల్లు డబ్బు వేయలేదన్న మాటను ముందు తేల్చుకో. లారీ నంబరు, తేదీ చెబితే కొనుగోలు ఆఫీసులో ఆ లోడుకు బిల్లు ఎప్పుడు పాసైందో చెప్పగలరు. వాళ్లు చెప్పాల్సిన అవసరం లేదని అంటే, రాసి ఇమ్మని అడుగు.

కర్రరైతు_కందుకూరు
మీరు ఇంత నిజాయితీగా రాసినందుకు దండం అండీ. కానీ ఒకటి ఒప్పుకోను. రైతులు చిన్నవాళ్లు కాబట్టి ఏజెంటు తప్పదు అన్నది. పాల కేంద్రం పూటకు అరలీటరు పోసేవాడి లెక్క కూడా రాసుకుంటోంది కదా.

మిల్లుగేటు
పాలు రోజూ వస్తాయి, కర్ర మూడు నాలుగేళ్లకోసారి వస్తుంది. కానీ మీరన్నదాంట్లో నిజం ఉంది. చేయాలనుకుంటే దారి దొరుకుతుంది.

వెదురుబుట్ట
మేం మేదరులం. తట్టలు, చేటలు, గంపలు అల్లేవాళ్లం. ఏటూరునాగారం అడవిలో వెదురు ఎలా ఉండేదో మా తాత చెప్పగా విన్నాను. పేపర్ మిల్లులకు అప్పట్లో వెదురు కూపులు, అంటే అడవిలో వెదురు కొట్టుకునే భాగాలు, దీర్ఘకాలం లీజుకు, అతి తక్కువ ధరకు ఇచ్చేవారు. మా తాత మాత్రం పది బొంగులకు అటవీశాఖ రసీదు రాయించుకోవాలి. ఒక లారీ వెళ్లే దారిలోనే ఆయన రసీదు జేబులో పెట్టుకుని సైకిల్ మీద వెళ్లేవాడు.

1988 జాతీయ అటవీ విధానం ఆ పద్ధతి ఆగాలని చెప్పింది. పరిశ్రమకు అడవి సరుకు రాయితీ ధరకు ఇవ్వొద్దంది. పరిశ్రమ తనకు కావలసిన ముడిసరుకు వీలైనంతవరకు తానే సమకూర్చుకోవాలి, పండించే మనిషితో ఫ్యాక్టరీ నేరుగా సంబంధం పెట్టుకుని, అప్పు, సలహా, చివరికి కోత, రవాణా దాకా సాయం చేయాలని రాసి ఉంది. కోత, రవాణా అన్న ముక్కలు చూడండి. మిల్లుగేటు గారు "ఎవరు కొట్టించాలి, లారీ ఎవరు మాట్లాడాలి" అని అడిగినదానికి జవాబు అప్పుడే రాశారు.

మన దగ్గర సుబాబుల్, జామాయిల్, సరుగుడు ఇంతగా పెరిగింది ఆ మార్పు తర్వాతే. అడవి మీద భారం తగ్గింది, అది మంచిదే. కానీ "నేరుగా" అన్న మాట మధ్యలో జారిపోయింది.

లెడ్జర్‌బుక్
ఆ విధానంలో రవాణా సంగతి కూడా ఉందని నాకు తెలియదు. ఇప్పుడే తీసి చూశాను, ఉంది. ధన్యవాదాలు.

జామాయిల్_వద్దు
ఎవరూ నీళ్ల గురించి మాట్లాడరేం? జామాయిల్ వేసిన చోట బోర్లు ఎండుతున్నాయి. కర్ణాటక 2017లో కొత్తగా వేయడమే నిషేధించింది. ఉచితంగా మొక్కలు పంచి "పచ్చదనం పెంచాం" అని నివేదికల్లో రాసుకుంటే సరిపోతుందా?

కర్రరైతు_కందుకూరు
అన్నా, మా నేలలో పొగాకు పోయింది, పత్తి పోయింది, కంది కూడా నిలవలేదు. ఆ మెరక రాళ్ల చేలో నిలబడింది సుబాబులే. నీళ్ల మాట నిజమే అయినా, ప్రత్యామ్నాయం చెప్పకుండా వద్దంటే రైతు ఏం చేయాలి?

జామాయిల్_వద్దు
సుబాబుల్ని నేను అనలేదు. వాగుల ఒడ్డున, చెరువు శిఖంలో జామాయిల్ వేయడం గురించే. మొక్కలు పంచే మిల్లే ఎక్కడ వేయకూడదో కూడా చెప్పాలి. అది బాధ్యత.

మిల్లుగేటు
ఈ మాట న్యాయంగా ఉంది. ఇంకోటి, రాయితీ మీద మొక్కలు పంచడాన్ని సేవ అని పిలవడం నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. ఆ కర్ర తిరిగి మన గేటుకే వస్తుంది. అది వ్యాపారం, మంచి వ్యాపారం. క్లోన్ మొక్కలు రైతుకు దిగుబడి పెంచాయి, అందులో అబద్ధం లేదు. పేరు సరిగా పెట్టుకుంటే చాలు.

అచ్చుయంత్రం
శుభలేఖల సీజను, ఊపిరాడట్లేదు, అయినా ఇది చదివి ఆగలేకపోయా. విజయవాడలో మాది చిన్న ప్రెస్సు. ఎగుమతి ఆర్డర్లు ఇచ్చేవాళ్లు "ఎఫ్‌ఎస్‌సీ కాగితం కావాలి" అని అడుగుతారు. చెట్టు గుర్తు, టిక్కు మార్కు ఉంటుంది చూడండి, అదే. అడవిని బాధ్యతగా చూసుకుంటూ తీసిన కర్రకు సర్టిఫికెట్ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ, 1993లో మొదలైంది. తోట నుంచి మిల్లు, మిల్లు నుంచి ప్రెస్సు దాకా చేతులు మారిన ప్రతి చోటా లెక్క ఉండాలంటారు. మిక్స్ అని ఉంటే, సర్టిఫికెట్ ఉన్న తోటల గుజ్జుతో పాటు, నిఘాలో కొన్న ఇతర కర్ర గానీ, రీసైకిల్ చేసిన గుజ్జు గానీ కలిసి ఉందని అర్థం.

నేను అడిగేది ఏమంటే, కర్ర ఏ చేలో పెరిగిందో వెనక్కి వెతికి పట్టుకునే ఏర్పాటు ఉన్నప్పుడు, డబ్బు ఏ చేతిలో ఆగిందో పట్టుకోవడం ఎందుకు కుదరదు?

మునేటిగట్టు
ప్రెస్సు అన్నా, మీ ఈ ఒక్క ప్రశ్నను స్క్రీన్‌షాట్ తీసి నాన్నకు చదివి వినిపించాను.

కాలువపక్కఇల్లు
మా ఇల్లు ఒక మిల్లు కాలువకు దగ్గర. ఊరు చెప్పను. చిన్నప్పుడు ఆ నీళ్లు చిక్కటి టీ రంగులో ఉండేవి, తూము దగ్గర నురగ మోకాలెత్తు. గేదెలు దిగేవి కావు. ఇప్పుడు చాలా మారింది. రంగు తగ్గింది, వాసన కొన్ని రాత్రుళ్లే వస్తుంది. ఆరోగ్య శిబిరం ఏటా పెడతారు, కళ్లద్దాలు ఇస్తారు, మా అమ్మ పెట్టుకునేవి అవే. మంచి చేసింది మంచే. కానీ కళ్లద్దాలతో పాటు ఆ కాలువ నీటి పరీక్ష రిపోర్టు కూడా పంచాయతీ బోర్డు మీద అంటిస్తే బాగుంటుంది.

ఊలు_నుంచి
ఫిన్లాండ్‌లో గుజ్జు మిల్లుల ఆటోమేషన్ చేస్తాను, మాది రాజమండ్రి. ఆ టీ రంగు నల్ల ద్రావకానిది. కర్రను రసాయనాల్లో ఉడికించినప్పుడు విడిపోయే లిగ్నిన్ అందులో ఉంటుంది. పెద్ద మిల్లుల్లో దాన్ని చిక్కగా చేసి రికవరీ బాయిలర్లో కాల్చి కరెంటు తీస్తారు, రసాయనాలు మళ్లీ వాడుకుంటారు. ఆ ఏర్పాటు లేని పాత చిన్న మిల్లులు వాగులోకే వదిలేవి. రిపోర్టు సంగతికి వస్తే, గుజ్జు, కాగితం పరిశ్రమ మన దేశంలో అత్యధిక కాలుష్య కారక 17 రకాల్లో ఒకటి. వ్యర్థజలాల కొలతలు ఆన్‌లైన్లో కాలుష్య మండలికి నిరంతరం వెళ్లాలి. కాబట్టి డేటా ఉంది, అడగండి.

ఇక్కడి సంగతి ఒకటి. ఈ దేశంలో అడవిలో సగానికి పైగా మామూలు కుటుంబాల సొంతం. మెట్సా అనే పెద్ద గుజ్జు, కాగితం గ్రూపుకు యజమాని ఒక సహకార సంఘం. అందులో సభ్యులు దాదాపు 90 వేల మంది అడవి రైతులు. కర్ర అమ్మే మనిషే మిల్లుకు యజమాని. మన దగ్గర వెంటనే అలా అవుతుందని కాదు. కానీ పాలకు మన దగ్గరే చేసి చూపించాం కదా, కర్రరైతు గారు అన్నట్టు.

కర్రరైతు_కందుకూరు
ఊలు తమ్ముడూ, నువ్వు సెలవులకొస్తే మా ఊళ్లో మీటింగు పెడతా. పులిహోర నాది.

కాగితపుఊరు
నాది కాగజ్‌నగర్. మా ఊరికి ఆ పేరే కాగితం వల్ల వచ్చింది, అంతకుముందు కొత్తపేట. మిల్లు 2014 సెప్టెంబరులో ఆగింది, 2018లో వేరే యాజమాన్యం తీసుకుని నడిపించింది. మంగపేట దగ్గర కమలాపురం గుజ్జు మిల్లు కూడా 2014లోనే మూతపడింది.

ఈ 2 శాతం లెక్కలో నాకు కష్టంగా అనిపించేది ఇక్కడే. లాభం ఉంటేనే వాటా. లాభమే లేనప్పుడు, ఊరికి అన్నిటికన్నా అవసరం పడ్డప్పుడు, ఆ వాటా కూడా సున్నా. మిల్లు మీద బతికే ఊళ్లో క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, కిరాణా కొట్టు అన్నీ ఒక్క సైరన్‌కు కట్టేసి ఉంటాయి. మూసేటప్పుడు ఏం చేయాలన్నది కూడా బాధ్యతలో రావాలి.

లెడ్జర్‌బుక్
నిన్న రాత్రి కూర్చుని ఇంకొంచెం చదివాను. మునేటిగట్టు గారి సంగతికి పనికొచ్చేవి రెండు.

ఒకటి, మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక ఇవ్వాలి. సీఎస్‌ఆర్ కన్నా ఇది విశాలం. అందులో చిన్న ఉత్పత్తిదారుల దగ్గర నేరుగా కొన్న ముడిసరుకు ఎంత శాతమో రాయాలి. సరుకు అమ్మినవాళ్లకు చెల్లించడానికి ఎన్ని రోజులు పడుతోందో కూడా అందులో అడుగుతున్నారు. మిల్లుగేటు గారు అన్నట్టు ఏజెంటుకు చెక్కు ఇచ్చేస్తే ఆ రోజులు తక్కువగానే కనిపిస్తాయి. మీ నాన్నగారి ఎనిమిది నెలలు ఆ గడిలోకి ఎక్కవు.

రెండోది చదివి నాకే మనసు చివుక్కుమంది. చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎమ్మెస్‌ఎమ్‌ఈడీ చట్టం ప్రకారం మిల్లుకు బోల్టులు సప్లై చేసే చిన్న షెడ్డు యజమానికి 45 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ. కర్ర పండించే రైతు ఆ నిర్వచనంలోకి రాడు. బోల్టుకు ఉన్న రక్షణ కర్రకు లేదు.

వెదురుబుట్ట
ఆ చివరి వాక్యం గ్రామసభలో చదవాలి.

నాలుగోతరగతి_టీచర్
గ్రామసభ అన్నారు కాబట్టి చెప్తున్నా. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు గ్రామం 2011లో తమ వెదురును తామే అమ్ముకునే హక్కు సాధించుకుంది. అటవీ హక్కుల చట్టం పట్టుకుని, గ్రామసభ తీర్మానాలతో. పేరు పేరునా సంతకాలు. మనది పట్టా భూమి కాబట్టి ఇంకా తేలిక.

మిల్లుగేటు
బాబూ, తీర్మానంలో "డబ్బు ఇప్పించండి" అని మాత్రమే రాయకండి. మూడు అడగండి. తూకం స్లిప్పు నకలు రైతుకు, రైతు ఫోన్‌కు టన్నుల మెసేజి, బిల్లు పాసైన రోజు రైతుకు సమాచారం. ఇవి మిల్లుకు పైసా ఖర్చు లేని పనులు. కాదనడానికి కారణం దొరకదు.

మునేటిగట్టు
మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోవద్దు.

లారీ నంబర్లు నాన్న డైరీలోనే దొరికాయి, టన్నుల పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. ఆ కాగితం పట్టుకుని మిల్లు ఆఫీసుకు వెళ్లాం, నేనూ నాన్నా ఇంకో ఐదుగురు రైతులూ. గంటన్నర కూర్చోబెట్టారు. తర్వాత ఒక ఆఫీసర్ గారు కంప్యూటర్లో చూసి, మా ఆరు లోడ్లకూ డబ్బు మాఘమాసంలోనే ఏజెంటుకు వెళ్లిందని చెప్పారు. రాసి ఇమ్మంటే మొదట కుదరదన్నారు. మిల్లుగేటు గారు చెప్పిన మూడూ గ్రామసభ తీర్మానం కాపీతో సహా టేబుల్ మీద పెట్టాం. తేదీలు ఒక కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చారు.

ఆ సాయంత్రమే ఏజెంటు ఇంటికొచ్చాడు. సగం ఇచ్చాడు. మిగతాది దసరాకు అని ఈసారి కాగితం మీద రాశాడు.

స్లిప్పు నకలు రైతుకు ఇవ్వడానికి మిల్లువాళ్లు సరేనన్నారు. మెసేజి సంగతి పైవాళ్లను అడుగుతామన్నారు. ఆర్వో ప్లాంటు మెయింటెనెన్సుకు హెడ్మాస్టర్ గారు ఉత్తరం పెట్టారు, జవాబు రావాలి.

కొట్టిన మోళ్ల నుంచి చిగుళ్లు నాన్న భుజం దాకా వచ్చాయి. మోడుకు రెండు పిలకలు ఉంచి మిగతావి తీసేస్తున్నాడు.

కర్రరైతు_కందుకూరు
ఆ స్టాంపు కాగితం ఫొటో తీసి పెట్టుకో తమ్ముడూ. ఒరిజినల్ ఎవరడిగినా చేతికివ్వకు. దసరా రోజు నేను ఫోన్ చేస్తా.